ఊకొట్టేవాళ్లు లేని పాఠం

ఆన్‌లైన్ క్లాసులో మొదటి రెండు నిమిషాలు ఎలా ఉంటాయో కర్నూలు, అనంతపురం, కడప కాలేజీల్లో పాఠం చెప్పినవాళ్లకూ విన్నవాళ్లకూ కొత్తగా వివరించక్కర్లేదు.

“వినపడతాందా అప్పా?”

“ఆ సార్, వినపడతాంది.”

“స్క్రీన్ కనపడతాందా?”

“పీపీటీ రాలేదు సార్. మీ వాట్సాప్ కనపడతాంది.”

“ఇప్పుడు?”

“ఇప్పుడొచ్చింది సార్.”

ఆ తర్వాత “అందరూ మ్యూట్ చేసుకోండి” అంటారు. అక్కడి నుంచి నలభై నిమిషాలు ఒకే గొంతు. మధ్యలో మూడు నాలుగుసార్లు “అర్థమైందా?” అన్న ప్రశ్న వస్తుంది. చాట్‌లో వరసగా ‘యెస్ సార్’లు పడతాయి. చివర్లో అటెండెన్స్. క్లాసు ముగిశాక కూడా ఇద్దరు ముగ్గురు లోపలే ఉండిపోతారు. వాళ్ల ఫోను చార్జింగులో ఉంటుంది, మనిషి ఎక్కడుంటాడో తెలియదు.

ఈ తంతు చూసి సాధారణంగా తేల్చేది పిల్లలకు శ్రద్ధ లేదని. దానికి చేసే వైద్యం కూడా తెలిసిందే: కెమెరా ఆన్ చేయమనడం, పేరు పెట్టి పిలవడం, హాజరు కోస్తామని బెదిరించడం. కానీ ఆ మొదటి రెండు నిమిషాలను ఇంకోసారి చూడాలి. అప్పుడు అదే పిల్లలు టక్కున జవాబిచ్చారు. పీపీటీ బదులు వాట్సాప్ కనపడుతోందని ధైర్యంగా చెప్పారు కూడా. రెండు నిమిషాల్లో శ్రద్ధ ఆవిరైపోదు. మారింది ప్రశ్న.

“వినపడతాందా?” అని అడిగేవాళ్లకు జవాబు నిజంగానే తెలియదు. వినేవాళ్లు దాన్ని ఒక్క మాటలో చెప్పేయగలరు. చెప్పగానే ఏదో ఒకటి జరుగుతుంది: మైకు సర్దుతారు, స్క్రీన్ మారుస్తారు. “అర్థమైందా?” అన్న ప్రశ్నకు ఈ మూడు గుణాల్లో ఒక్కటీ లేదు. ఏ జవాబు రావాలో ముందే ఖాయం. ‘కాలేదు’ అనాలంటే అరవై మంది ముందు తెలివితక్కువ అనిపించుకోవాలి. ఏ జవాబిచ్చినా తర్వాతి స్లయిడు వచ్చేస్తుంది. అలాంటి ప్రశ్నకు ‘యెస్ సార్’ కొట్టడం బద్ధకం కాదు, తెలివైన పని.

రాయలసీమలో అవ్వ కథ చెప్పేటప్పుడు పిల్లలకు పెట్టే షరతు ఒక్కటే, ఊకొట్టాలి. ‘ఊ’ ఆగిందంటే పిల్లవాడు నిద్రపోయినట్టు. కథ అక్కడే ఆగుతుంది. ‘ఊ’ బిగ్గరగా వస్తే రాక్షసుడు ఇంకో రెండు నిమిషాలు బతుకుతాడు, నీరసంగా వస్తే తొందరగా చచ్చిపోతాడు. కథ పొడవు, వేగం, మలుపు అన్నీ ఆ చిన్న శబ్దం మీదే నడుస్తాయి. ఇది ముసలివాళ్ల మురిపెం మాత్రమే కాదు. కెనడాలోని విక్టోరియా విశ్వవిద్యాలయానికి చెందిన జానెట్ బవెలాస్ బృందం 2000లో దీన్ని ప్రయోగంలో చూపించింది. ఒకరు తనకు త్రుటిలో తప్పిన ప్రమాదం గురించి చెప్పాలి, ఎదుటివాళ్లు వినాలి. కొందరు శ్రోతలకు మాత్రం కథ వింటూ ‘టి’ అక్షరంతో మొదలయ్యే మాటలు లెక్కపెట్టే పని రహస్యంగా ఇచ్చారు. శ్రోత ధ్యాస చెదరగానే చెప్పేవాళ్ల కథ కూడా చెడింది. ముఖ్యంగా ముగింపు, అంటే ఊపిరి బిగపట్టాల్సిన చోటు, తేలిపోయింది. చెప్పినదే మళ్లీ చెప్పారు, అక్కర్లేని సంజాయిషీలు చేర్చారు.

ఆన్‌లైన్ పాఠం చప్పగా ఉండడానికి మూలం ఇక్కడుంది. మ్యూట్ బటన్ కుక్కర్ విజిలునీ వీధిలో కూరగాయల బండి కేకనీ ఆపుతుంది. దాంతో పాటు ‘ఊ’ను కూడా ఆపేస్తుంది. తరగతి గదిలో అయితే తల ఊపడం, నుదురు చిట్లించడం, పక్కవాడి నోట్సులోకి తొంగిచూడడం, వెనక బెంచీ గుసగుస, ఇవన్నీ ఊకొట్టడాలే. పాతికేళ్లు బోర్డు ముందు నిలబడినవాళ్లకు వాటిని చూసి పాఠం మలుచుకోవడం చెయ్యి తిరిగిన విద్య. ఆన్‌లైన్‌లో ఆ విద్య పనికిరాదు. అందుకే క్లాసులో పులిలాంటి లెక్చరర్ లాప్‌టాప్ ముందు పుస్తకం అప్పజెప్పినట్టు మాట్లాడతారు. అది ఆయన తప్పు కాదు. అయితే ‘ఊ’ను మళ్లీ పుట్టించే ఏర్పాటు లేకుండా అదే పాఠాన్ని అదే పద్ధతిలో కొనసాగించడం మాత్రం తప్పే.

జవాబుకు అయ్యే ఖర్చు

ప్రశ్న అడిగాక వచ్చే నిశ్శబ్దం గురించి కొంచెం సాంకేతికంగా చూడాలి. మనుషులు ముఖాముఖి మాట్లాడుకునేటప్పుడు ఒకరి మాట ఆగి ఇంకొకరి మాట మొదలవడానికి మధ్య సగటున సెకనులో అయిదో వంతు ఖాళీ ఉంటుందని పది భాషల మీద 2009లో వచ్చిన అధ్యయనం చెప్పింది. అంత సన్నని సందు అది. ఫోన్ నెట్‌వర్కు మీద గొంతు ఒక చోటి నుంచి ఇంకో చోటికి చేరడానికే ఒక్కోసారి అంతకంటే ఎక్కువ పడుతుంది. టవర్ దూరంగా ఉన్న పల్లెలో ఇంకా ఎక్కువ. ఫలితంగా ఇద్దరు ఒకేసారి మొదలుపెడతారు, ఇద్దరూ ఆగుతారు. “నువ్వు చెప్పు”, “లేదు, నువ్వే చెప్పు”. రెండుసార్లు ఇలా జరిగితే మూడోసారి ఎవరూ నోరు తెరవరు.

దీనికి చేతి పని తోడవుతుంది. ఫోనులో క్లాసు వింటున్న విద్యార్థి జవాబు చెప్పాలంటే ఆరిపోయిన స్క్రీన్ వెలిగించాలి, మైకు గుర్తు వెతకాలి, ఇంట్లో టీవీ సౌండు తగ్గించమనాలి, అప్పుడు మాట్లాడాలి. అమెరికా విద్యా పరిశోధకురాలు మేరీ బడ్ రో 1970లలో తరగతి గదులు పరిశీలించి, టీచర్లు ప్రశ్న అడిగాక సగటున ఒక్క సెకను మాత్రమే ఆగుతున్నారని గమనించారు. దాన్ని మూడు సెకన్లకు పెంచితే జవాబులు పొడవయ్యాయి, చెప్పే పిల్లల సంఖ్య పెరిగింది, ‘తెలీదు’లు తగ్గాయి. గదిలోనే మూడు సెకన్లు కావాలంటే, తెర మీద పది సెకన్లయినా ఆగాలి. పది సెకన్ల నిశ్శబ్దం చెప్పేవాళ్లకు యుగంలా అనిపిస్తుంది. అంతలో మనసాగక తామే జవాబు చెప్పేస్తారు. ఓపిక పడితే సార్ చెప్పేస్తాడని క్లాసు మొత్తానికి అర్థమైపోతుంది.

ఇక లెక్క. నలభై నిమిషాల క్లాసులో అరవై మంది. ఒక్కొక్కరు అర నిమిషం మాట్లాడినా ముప్పై నిమిషాలు పోతాయి. మైకు ఒంటెద్దు బండి లాంటిది, ఒకరి తర్వాత ఒకరే ఎక్కాలి. తరగతి గదిలో అరవై తలలు ఒకేసారి ఊగుతాయి. కాబట్టి ఆన్‌లైన్‌లో ‘ఊ’ను మైకు ద్వారా రాబట్టాలనుకోవడంలోనే పొరపాటుంది. అందరూ ఒకేసారి ఇవ్వగలిగే జవాబు కావాలి: చాట్‌లో ఒక అంకె, పోల్‌లో ఒక నొక్కు, నోటుపుస్తకంలో గీసిన బొమ్మ ఫోటో.

చాట్‌లోనూ ఒక చిక్కుంది. మొదట జవాబిచ్చే ముగ్గురు ఎప్పుడూ ఆ ముగ్గురే. మిగతావాళ్లు వాళ్లను చూసి అదే కొడతారు. దీనికి విరుగుడు తేలికైనది: “జవాబు టైప్ చేసి పెట్టుకోండి, పంపొద్దు. నేను పంపమన్నప్పుడు అందరూ ఒకేసారి పంపాలి.” అర నిమిషం తర్వాత “పంపండి” అనగానే యాభై జవాబులు జలజల రాలతాయి. ఎవరిదీ ఎవరూ చూసి రాయలేదు. తప్పు రాసినవాళ్లు పదిమంది ఉంటే ఆ పదిమందిలో ఎవరికీ ఒంటరిగా సిగ్గుపడే పని లేదు. పైగా ఆ తప్పులే తర్వాతి అయిదు నిమిషాల పాఠానికి ముడిసరుకు.

జవాబు ఏ భాషలో ఇవ్వాలన్నది కూడా ఖర్చే. తెలుగు మీడియంలో ఇంటర్ చదివి డిగ్రీలో ఇంగ్లీషు స్లయిడ్ల ముందు కూర్చున్న పిల్లలకు చాట్‌లో ఒక పూర్తి ఇంగ్లీషు వాక్యం రాయడమంటే గ్రామర్ పరీక్షే. ఇంగ్లీషు అక్షరాల్లో తెలుగు కొట్టినా, సీమ యాసలో వాయిస్ పెట్టినా చెల్లుతుందని మొదటి రోజే చెప్పేస్తే జవాబులు పెరుగుతాయి. భాష తప్పులు దిద్దే క్లాసు వేరు, వర్షపాతం చెప్పే క్లాసు వేరు.

ఒక పాఠం దగ్గరగా

వర్షపాతమే తీసుకుందాం. భూగోళం పాఠంలో అనంతపురం కరువు గురించి చెప్పాలి. మామూలు పద్ధతిలో అయితే పీపీటీ మొదటి స్లయిడు మీద ‘సగటు వార్షిక వర్షపాతం 550 మి.మీ.’ అని ఉంటుంది, కింద అయిదు కారణాలు. చదువుతూ పోతారు. స్లయిడు మీద ఉన్న వాక్యాలనే పైకి చదివితే కన్నూ చెవీ ఒకే పని మీద గుద్దుకుంటాయని మల్టీమీడియా పాఠాల మీద అమెరికా మనస్తత్వవేత్త రిచర్డ్ మేయర్ చేసిన పరిశోధనలు ఏళ్ల కిందటే తేల్చాయి. అయినా చదువుతూనే ఉన్నారు.

అదే పాఠాన్ని పిల్లలు ఊరిలో వినీ వినీ అరిగిపోయిన మాటతో మొదలుపెట్టొచ్చు: “దేశంలో జైసల్మేర్ తర్వాత అతి తక్కువ వాన పడేది అనంతపురంలోనే అంటారు. నిజమా, అబద్ధమా? ఒకటి కొడితే నిజం, రెండు కొడితే అబద్ధం. ఇంకా పంపొద్దు.” పంపమన్నాక చాట్ నిండా ఒకట్లే రావచ్చు. ఉపన్యాసాల్లో విన్నదీ, పేపర్లలో చదివిందీ ఆ మాటే కదా.

అప్పుడు లెక్కలు బయటికి తీయాలి. అనంతపురం సగటు 550 మి.మీ. దగ్గర ఉంటుంది. రాజస్థాన్‌లో జైసల్మేర్ ఒక్కటే కాదు, బాడ్మేర్, బికనేర్, జోధ్‌పూర్ అన్నీ దీనికంటే బాగా తక్కువే. లేహ్‌లో ఏడాది మొత్తానికి 100 మి.మీ. అటూ ఇటూ. అంటే ఆ మాట అక్షరాలా నిలబడదు. ఇక్కడ పిల్లల్లో ఒక కదలిక వస్తుంది. తాము నమ్మినది తప్పని తేలినప్పుడు వచ్చే ఆ చిరాకు ఏ యానిమేషనూ తేలేనిది. దాన్ని వృథా పోనివ్వకుండా రెండో ప్రశ్న వెంటనే వేయాలి: “మరి 550 పడుతున్నప్పుడు ఇన్ని కరువులెందుకు? చెనక్కాయ విత్తిన తర్వాత ముప్పై రోజులు చుక్క పడలేదు. తర్వాత సెప్టెంబరులో కుండపోత. ఏడాది లెక్క 550 సరిపోయింది. ఇది కరువా, కాదా? ఒక్క వాక్యంలో కారణం రాయండి.”

ఇప్పుడు చాట్‌లోకి వచ్చేవి పుస్తకంలోని అయిదు కారణాలు కావు. ఊడలు దిగే వేళకు నేల గట్టిపడిందని ఒకరు, ఎర్రనేల నీళ్లు పట్టదని ఒకరు, విత్తనాలకు చేసిన అప్పు గురించి ఇంకొకరు రాయగలరు, ఎందుకంటే ఇంట్లో చూసినదే. వాటిని చదివి వినిపిస్తూ, పడమటి కనుమల చాటున ఉండడం వల్ల నైరుతి రుతుపవనాల వాన ఎలా తగ్గుతుందో, బంగాళాఖాతం నుంచి వచ్చే ఈశాన్య వానలు ఇంత లోపలికి చేరేసరికి ఎలా బలహీనపడతాయో మ్యాపు మీద చూపాలి. ఇదంతా పద్నాలుగు, పదిహేను నిమిషాల పని. పాఠం మొత్తం చెప్పాల్సిందే, కానీ ప్రతి ముక్కా ఎవరో ఒకరు వేసిన ‘ఊ’కు జవాబుగా వస్తుంది. సిలబస్ పూర్తికాదన్న భయం సహజమే. నలభై నిమిషాలు ఏకధాటిగా చెప్పి పూర్తయిందనుకున్నది ఎవరి బుర్రలో పూర్తయిందన్నది వేరే సంగతి.

ముగించే ముందు స్లిప్ టెస్టు. ఈ మాట వినగానే సీమ కాలేజీల్లో చదివినవాళ్లకు కడుపులో తిప్పుతుంది, కానీ మార్కులు తీసేస్తే ఇంతకు మించిన సాధనం లేదు. 2006లో రోడిగర్, కార్పికీ అనే ఇద్దరు అమెరికా పరిశోధకులు ఒకే వ్యాసాన్ని కొందరిచేత నాలుగుసార్లు చదివించారు, కొందరిచేత ఒకసారి చదివించి మూడుసార్లు చూడకుండా గుర్తు తెచ్చుకుని రాయించారు. అయిదు నిమిషాల తర్వాత పరీక్ష పెడితే నాలుగుసార్లు చదివినవాళ్లే గెలిచారు. వారం తర్వాత పెడితే బల్ల తిరగబడింది. చదివినవాళ్లకు 40 శాతం గుర్తుంటే రాసినవాళ్లకు 61 శాతం గుర్తుంది. ఆన్‌లైన్‌కు మరీ దగ్గరి రుజువు 2013లో వచ్చింది. హార్వర్డ్‌లో 21 నిమిషాల స్టాటిస్టిక్స్ వీడియోను నాలుగు ముక్కలు చేసి, ముక్కకూ ముక్కకూ మధ్య చిన్న పరీక్ష పెట్టారు. పరీక్ష లేనివాళ్లతో పోలిస్తే పరీక్ష ఉన్నవాళ్ల మనసు పక్కకు పోవడం దాదాపు సగానికి తగ్గింది, నోట్సు రాసుకోవడం పెరిగింది. చివరి పరీక్ష గురించి బెంగ కూడా తగ్గింది. ఈ చివరి మాట గమనించదగినది. చిన్న పరీక్షలు భయం పెంచుతాయనే అందరూ అనుకుంటారు.

ఆరు నిమిషాలకు మించిన వీడియో ఎవరూ చూడరన్న మాట కూడా శిక్షణ సభల్లో తరచూ వినిపిస్తుంది. దాని మూలం 2014లో ఎడ్‌ఎక్స్ అనే ఆన్‌లైన్ చదువుల వేదికలోని కోర్సుల మీద, 69 లక్షల వీక్షణల ఆధారంగా వచ్చిన పరిశోధన. అది రికార్డు చేసిన వీడియోల గురించి, వాటిని ఎంతసేపు చూశారన్న దాని గురించి. ఎంత నేర్చుకున్నారన్నది అక్కడ కొలవలేదు, లైవ్ క్లాసుల ఊసు కూడా లేదు. కాబట్టి గడియారం చూసి పాఠాన్ని ఆరేసి నిమిషాలుగా నరకనక్కర్లేదు. ఒక భావం ముగిసిన చోట ఆగి, పిల్లల చేత ఏదో ఒకటి చేయిస్తే చాలు.

కెమెరా సంగతి. వాటిని ఎందుకు ఆపేస్తారని అమెరికాలోని కార్నెల్ విశ్వవిద్యాలయంలో విద్యార్థులను అడిగితే తేలిన ముఖ్య కారణాలు: తాము ఎలా కనపడుతున్నామో అన్న బిడియం, వెనక కనపడే మనుషులు, ఇల్లు, బలహీనమైన నెట్. కడపలో ఒంటిగది ఇంట్లో, వెనక అమ్మ దోసెలు పోస్తుండగా కూర్చున్న ఆడపిల్లకు ఈ నాలుగూ వర్తిస్తాయి. ముఖం కనపడడం ‘ఊ’ కాదు. తెర వైపు చూస్తూ నిద్రపోవడం ఎలాగో తెలియని విద్యార్థి ఉండడు. కెమెరాను క్లాసు మొదట్లో ఒక నిమిషం పలకరింపులకు అడిగి తర్వాత వదిలేయడమే మర్యాద.

సభ మర్యాదలు

వెబినార్ల జబ్బు వేరు. మన సభా సంప్రదాయాన్ని పీటలతో సహా తెర మీదికి మోసుకొచ్చారు. ప్రార్థన, స్వాగతం, అధ్యక్షుల తొలిపలుకు, వక్త పరిచయం (ఆయన సాధించినవన్నీ చదివి), ముఖ్య అతిథి సందేశం. అసలు వక్త మైకు అందుకునేసరికి ముప్పావుగంట గడుస్తుంది. ఉచిత ఖాతాలో జూమ్ సమావేశం నలభై నిమిషాలకే తెగిపోతుందని గుర్తుచేసుకుంటే, కొన్ని సభలు వందన సమర్పణ దాకా ఎలా చేరాయన్నది ఆశ్చర్యమే. హాల్లో అయితే ఈ తంతుకు ఒక ఉపయోగం ఉంది. ఆలస్యంగా వచ్చినవాళ్లు కూర్చుంటారు, టీ అందుతుంది. తెర ముందు కూర్చున్నవాళ్లకు టీ ఇచ్చేవాళ్లు లేరు.

చివర్లో ఫీడ్‌బ్యాక్ ఫారం లింకు, అది నింపితే ఇ-సర్టిఫికెట్. 2020లో లాక్‌డౌన్ మొదలైన తర్వాత నెలల తరబడి నడిచిన వెబినార్ల జాతర తెలిసినవాళ్లకు ఈ లింకు మహిమ తెలుసు. హాజరు సంఖ్య చివరి పది నిమిషాల్లో ఎగబాకేది. సర్టిఫికెట్ ఆశ తప్పని కాదు, ప్రమోషన్ ఫైలుకు అది అవసరం. కానీ ఆ ఫారంలో అడిగేది ‘కార్యక్రమం ఎలా ఉంది: బాగుంది, చాలా బాగుంది’ అని కాకుండా, వక్త పావుగంటకోసారి వేసే ఒక్కో ప్రశ్నకు ఒక్కో గడి అయితే, లింకు మొదట్లోనే ఇచ్చేస్తే, అదే ఆశ పాఠం వైపు లాగుతుంది. ఇది చెప్పినంత తేలికే. చేయకపోవడానికి కారణం నిర్వాహకులకు కూడా కావలసింది హాజరు సంఖ్యే కావడం.

చాట్ చూస్తూ పాఠం చెప్పడం ఒక్కరి వల్ల కాదు. బుర్రకథలో కథకుడి పక్కన ఇద్దరు వంతలుంటారు. జనం మనసులో మెదిలే సందేహాన్ని వంతే అడుగుతాడు, “అదేంది కథకుడా, నిన్న అట్లంటివి, ఇయ్యాల ఇట్లంటాండావు” అని మేలమాడతాడు. ఆన్‌లైన్ క్లాసుకూ ఆ వంత కావాలి. చాట్‌లో వచ్చినవి ఏరి, సరైన చోట అడ్డు తగిలి అడిగే మనిషి. కాలేజీలో అయితే ఆ పని వారానికొక విద్యార్థికి ఇవ్వొచ్చు. అడ్డు తగిలే హక్కు అప్పజెప్పిన విద్యార్థి ఆ వారం నిద్రపోడు.

ప్రొద్దుటూరు లాంటి ఊళ్లలో అష్టావధానాలు చూసినవాళ్లకు ఇంకో ఏర్పాటు తడుతుంది. అవధానిని ప్రశ్నలడిగే పృచ్ఛకులు ఎనిమిది మందీ జనంలోంచే వచ్చినా ఎవరి పని ఏమిటో ముందే తెలుసు: ఒకరు సమస్య ఇస్తారు, ఒకరు దత్తపది, ఒకరు అప్రస్తుత ప్రసంగం. ‘ఎవరైనా అడగండి’ అన్నది ఎవరినీ పిలవని పిలుపు. పని పంచితే మాట్లాడతారు. విద్యార్థులను నలుగురేసి గదుల్లోకి విడదీసే బ్రేకౌట్ పద్ధతి విఫలమయ్యేది కూడా దీనివల్లే. చేయాల్సింది ఏమిటో, ఎవరు రాయాలో, తిరిగొచ్చాక ఏం చూపాలో చెప్పకుండా పంపితే, నలుగురూ మ్యూట్‌లో కూర్చుని గది మూసుకుపోవడం కోసం ఎదురుచూస్తారు.

రైతుల కోసం పెట్టే వెబినార్లలో ఈ లోపం ఇంకా కొట్టొచ్చినట్టు కనపడుతుంది. పొలం నుంచి వచ్చిన మనిషికి తెగులు శాస్త్రీయ నామంతో మొదలయ్యే స్లయిడు ఎందుకు? ముందు రోజే “మీ చేలో ఆకు ఫోటో వాట్సాప్‌లో పెట్టండి” అని అడిగి, వచ్చిన ఫోటోల్లోంచి నాలుగింటితో మొదలుపెడితే, చెనక్కాయకు వచ్చే తిక్కా ఆకుమచ్చ తెగులు గురించి చెప్పాల్సిందంతా ఆ ఫోటోల మీదే చెప్పొచ్చు. ఎవరి చేను తెర మీదికి వస్తుందో అని అందరూ చూస్తారు. ఈ రహస్యం రేడియోకు ఎప్పుడో తెలుసు. 1956లో పుణే ఆకాశవాణి దాదాపు 150 గ్రామాల్లో శ్రోతల బృందాలను ఏర్పరచి, వ్యవసాయ కార్యక్రమం విన్నాక కూర్చుని చర్చించుకునేటట్లు, ప్రశ్నలు తిరిగి పంపేటట్లు చేసింది. రేడియో మాత్రమే ఉన్న ఊళ్ల కంటే బృందాలున్న ఊళ్లలో జనానికి ఎక్కువ విషయాలు పట్టుబడ్డాయి. 1963 నుంచి కడప రేడియో వింటున్న సీమ పల్లెలకు పదిమంది ఒక డబ్బా చుట్టూ చేరడం కొత్తేమీ కాదు. డబ్బా బదులు ఒక ఫోను, ఒక చిన్న స్పీకరు పెట్టి పదిమందిని కూర్చోబెడితే, వాళ్లలో వాళ్లే ఊకొట్టుకుంటారు. పది ఫోన్లలో పదిమంది ఒంటరిగా వినడం కంటే ఇదే మేలు, డేటా కూడా మిగులుతుంది.

ఫోను ఎవరి చేతిలో

పైన చెప్పినవన్నీ ఫోను ఉన్నవాళ్లకే. 2017-18 జాతీయ నమూనా సర్వేలో దేశంలో ఇంటర్నెట్ సదుపాయం ఉన్న గ్రామీణ కుటుంబాలు 15 శాతమే, పట్టణాల్లో 42. తర్వాత ఫోన్లు చాలా పెరిగాయి, కానీ ఇంటికి ఒక ఫోను ఉండడం వేరు, పొద్దున పదింటికి ఆ ఫోను చదువుకునే పిల్ల చేతిలో ఉండడం వేరు. అది నాన్న జేబులో ఆటోతో పాటు ఊరంతా తిరుగుతుంటుంది. ఆదోని, పత్తికొండ వైపు ఊళ్ల నుంచి సుగ్గికి, అంటే కోతల కూలికి, గుంటూరు మిరప చేలకు పోయే కుటుంబాల్లో ఫోను, అమ్మానాన్నలు, ఒక్కోసారి పిల్లలు కూడా ఊరు దాటిపోతారు. ఇలాంటి చోట ‘విద్యార్థుల నిమగ్నత’ అనే పెద్దమాట వాడడం అన్యాయం. అది అందుబాటు సమస్య. దానికి పోల్స్, క్విజ్‌లు మందు కావు.

డేటా లెక్క కూడా చూడాలి. వీడియో సెకనుకు ఒక మెగాబిట్ చొప్పున లాగితే గంటకు 450 ఎంబీ అవుతుంది. రోజుకు ఒకటిన్నర జీబీ ప్యాకులో మూడు గంటల చిల్లరకే ఖాళీ. అన్నా చెల్లెలూ ఒకే ప్యాకు మీద చదువుతుంటే మధ్యాహ్నం క్లాసు గోవిందా. గొంతు ఒక్కటే అయితే సెకనుకు 50 కిలోబిట్లు చాలు, గంటకు 23 ఎంబీ దాటదు. దాదాపు ఇరవై రెట్లు తేడా. పీపీటీని ముందు రాత్రే గ్రూపులో పెట్టి, క్లాసును గొంతుతో నడిపి, “ఇప్పుడు అయిదో పేజీ తీయండి” అంటూ పోతే పాఠం ఏమీ తగ్గదు. పైగా పేజీ తిప్పడం కూడా చేతికి ఒక పని.

లైవ్ క్లాసుకు రాలేనివాళ్లకు ‘రికార్డింగు పెట్టాం, చూసుకోండి’ అనేస్తే బాధ్యత తీరినట్టు భావిస్తారు. గంట రికార్డింగును రాత్రి ఒంటరిగా చూడడం, అందులో ఎప్పుడో ముగిసిపోయిన చాట్‌లోని ‘యెస్ సార్’లు చదవడం ఎంత విసుగో ఒకసారి చూస్తే తెలుస్తుంది. రికార్డు చేసేటప్పుడే వాళ్లను ఉద్దేశించి రెండు వాక్యాలు చేరిస్తే తేడా ఉంటుంది: “రాత్రి చూస్తున్నవాళ్లు ఇక్కడ వీడియో ఆపండి. మీ చేలో ఈ ఏడాది ఎన్ని రోజులు వాన రాలేదో ఇంట్లో అడిగి, ఆ జవాబు గ్రూపులో వాయిస్ పెట్టి ముందుకు పోండి.” మర్నాడు క్లాసు ఆ వాయిస్‌లలో ఒకదానితో మొదలవ్వాలి. అలా మొదలవుతుందని తెలిస్తేనే పెడతారు.

అలాంటి వాయిస్‌లు రాత్రి తొమ్మిది దాటాకే వస్తాయి, నాన్న ఇంటికొచ్చి ఫోను చార్జింగు పెట్టాక. వెనక కుక్క మొరుగుతుంటుంది, ఎవరో అన్నానికి పిలుస్తుంటారు. “సార్, మా నాయన చెప్తాండాడు, ముప్పై రోజులు కాదంట, నలభై రెండంట. రాసిపెట్టుకున్యాడంట.” పన్నెండు సెకన్లు ఉంటుంది. అందులో సగం సేపు ఆ నాయన గొంతే, పక్కనుంచి లెక్క సరిచేస్తూ.